ఈశాన్యం మూల

ఆమధ్య ఒక గురువారం పూజ ముగించుకుని, చేతికి అంటిన గంధం ఇంకా ఆరకముందే, మా వీధి అరుగు మీదికి ముగ్గురు వచ్చి కూర్చున్నారు. ఒకరు మా మరిది, ఒకరు మరిది కోడలు, అంటే ఇప్పుడు మా ఊరి సర్పంచి, మూడోవారు ఆటస్థలం పని చూడటానికి వచ్చిన ఇంజనీరుగారు. పంచాయతీవారి పాత కళ్ళం స్థలాన్ని పద్ధతిగా ఆటస్థలం చేయడానికి నిధులు వచ్చాయట. పని మొదలుపెట్టే ముందు పెద్దదాన్నని నాకూ ఒకసారి చూపించి పోదామని వచ్చారు. ఆ మర్యాదకే నా మనసు నిండిపోయింది. సర్పంచి ఒక పెద్ద కాగితం పరిచి, “ఇదిగో పెద్దత్తయ్యగారూ, ఇది నడక బాట, ఇది వాలీబాల్, ఇది కబడ్డీ, ఇక్కడ చిన్నపిల్లలకి ఉయ్యాలలు” అంటూ వేలితో చూపిస్తూ వచ్చింది. ఆడపిల్లలకి ఏమి వేశారమ్మా అని అడిగాను. ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకుని ఇంజనీరుగారి వంక చూసింది.

“ఈ ఒక్క మూలే మిగిలిందండి, అది చూస్తే పల్లం. మట్టి పోసి లేపుదామంటే ఊళ్ళో ఎవరూ ఒప్పుకోవట్లేదండి. ఈశాన్యమంట, పెద్దలు ఎత్తు చెయ్యొద్దన్నారంట. అందుకని చిన్న గుంటలా కట్టేసి, చుట్టూ బెంచీలు వేద్దామనుకున్నాం. ఆడపిల్లలు సాయంత్రం ఓ గంట మగపిల్లల కోర్టులో ఆడుకుంటారండి” అన్నారాయన.

“ఆ గంట మగపిల్లలు బయటికెళ్తే కదండీ!” అంది సర్పంచి.

మా మరిది నవ్వి, ఎంతో గర్వంగా, “ఆ పెద్దలెవరనుకుంటున్నారండీ? ఈవిడేనండి. మా వదిన చెప్పాక ఇంక ఊళ్ళో తిరుగుందా?” అన్నాడు.

నేను లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చి ఇచ్చాను. వాళ్ళు తాగి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. ఆ మూల పల్లంగా ఎందుకుందో ఊళ్ళో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటూ నలభై అయిదేళ్ళుగా బతుకుతున్నాను.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. మా నాన్నగారు ఉదయం స్నానం చేసి వచ్చాక వసారాలో పలక ముందు కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు, ఎక్కాలు చెప్పారు, పద్యాలు వల్లె వేయించారు. ఈ వయసులో కళ్ళజోడు పెట్టుకుని ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్ష, తలుచుకోని రోజు లేదు. అయితే బడి లేనివాళ్ళకి బడి మైదానమూ ఉండదు. పదకొండో ఏడు దాటాక నేను పరుగెత్తిన గుర్తు లేదు. మన ఈడువాళ్ళలో చాలామందికి అంతే కదా, నడవడం, వంగడం, మోయడం వచ్చుగాని, ఊరికే సంతోషానికి పరుగెత్తడం రాదు.

నేను కాపురానికి వచ్చిన ఇంట్లో మాత్రం ఒక పరుగెత్తే పిల్ల ఉంది. మా ఆడపడుచు, మా మరిది కంటే పెద్దది. భీమవరంలో హాస్టల్లో ఉండి కాలేజీలో చదివేది. అక్కడ బాల్ బ్యాడ్మింటన్ నేర్చుకుంది. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, పసుపుపచ్చ ఉన్ని బంతి, కాస్త పొడుగు పిడి బ్యాటు. ఆ రోజుల్లో మన జిల్లాల్లో ఏ ఊరు వెళ్ళినా సాయంత్రాలు ఆ బంతి చప్పుడు వినిపించేది. సెలవులకి ఇంటికి వస్తే పెరటి గోడకే బంతి కొట్టుకుంటూ ఉండేది. మా అత్తగారు “గోడ కూలితే నీ మొగుడొచ్చి కట్టిస్తాడా?” అని కేకలేస్తే, “కట్టిస్తానన్న వాణ్ణే చేసుకుంటాలే అమ్మా” అనేది. నన్ను వంటింట్లోంచి చెయ్యి పట్టి లాక్కొచ్చి బ్యాటు పట్టుకోవడం చూపించబోయేది. నేను సిగ్గుతో వదిలించుకుని పారిపోయేదాన్ని.

ఆ రోజుల్లోనే కళ్ళం స్థలాన్ని ఆటలకి వీలుగా మెరక చేద్దామని ఊరు అనుకుంది. మన డెల్టాలో మెరక చేయనిదే ఏ పనీ జరగదు, అది మీకు చెప్పక్కర్లేదు. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు అడుగున పేరుకున్న ఒండ్రుమట్టి తీస్తారు, ఆ కొద్ది వారాల్లోనే ఎవరికి కావలసిన మట్టి వాళ్ళు తోలుకోవాలి. మళ్ళీ నీళ్ళు వదిలారా, ఏడాది ఆగాలి. స్థలాన్ని ముక్కలుగా పంచి, ఒక్కో ముక్క ఒక్కో ఇంటి వంతు చేశారు, ఎవరి బళ్ళు వాళ్ళవి, ఎవరి మనుషులు వాళ్ళవి. మా ఆడపడుచు వాళ్ళ నాన్నగారి, అంటే మా మామగారి వెంటపడి, ఈశాన్యం మూల మన ఇంటి వంతుగా అడగమని, అది ఆడపిల్లల కోర్టుకని ఊరి పెద్దల చేత ఒప్పించింది. పరీక్షలకి భీమవరం వెళ్ళే ముందు రోజు తనే వెళ్ళి నాలుగు వెదురు మేకులు పాతి, సున్నంలో ముంచిన తాడు చుట్టూ కట్టి వచ్చింది. ఊళ్ళో ఆడపిల్లలు ఓ పదిమంది ఆ తాడు బయట నిలబడి, గుడి లోపలికి చూసినట్టు చూసేవారు. “వదినా, నేనొచ్చేసరికి మూల లేచిపోవాలి, మొదటి బంతి మీరే కొట్టాలి” అని నా చేత మాట తీసుకుని బస్సెక్కింది.

ఆ ఏడే ఆరేళ్ళ ఎదురుచూపు తరవాత స్వామి దయ వల్ల మాకు మొదటి సంతానం కలిగింది. అన్నవరం వెళ్ళి మొక్కు తీర్చుకుని వచ్చి, ఇంటి దగ్గర కూడా వ్రతం చేసుకుని ఊరందరికీ భోజనాలు పెడదామని అనుకున్నాం. పందిరి పెరట్లోనే వేయాలి. పెరడు చూస్తే కాలు పెడితే దిగిపోయే నేల. మామగారూ మావారూ వ్రతం నాటికి తిరిగొస్తామని ఎరువుల పని మీద కాకినాడ వెళ్ళారు, బళ్ళు తోలించే బాధ్యత నా మీద పెట్టారు. పాలేరు మొదటి బండితో ఇంటి ముందు నుంచి కళ్ళం వైపు వెళుతుంటే గుమ్మంలోకి వచ్చి, పెరట్లోకి తిప్పమన్నాను.

“ఇది చిన్నమ్మగారి మూలకి కదండీ?” అన్నాడతను.

“స్వామి పని ముందు. తరవాత అటు తోలుదువుగాని.”

“ఆయ్, అలాగేనండి” అన్నాడు గాని, బండి తిప్పుతూ రెండుసార్లు వెనక్కి చూశాడు.

పది బళ్ళనుకున్నది ముప్పై అయింది, ముప్పై అరవై అయింది. ఒండ్రు నల్లగా, మెత్తగా, నేతి ముద్దలా ఉండేది, ఎంత పోసినా ఇంకాస్త పోయించాలనిపించేది. వ్రతం దివ్యంగా జరిగింది. నా బిడ్డని ఒళ్ళో పెట్టుకుని కథ వింటుంటే కళ్ళవెంట నీళ్ళు ఆగలేదు. బళ్ళు తోలడం మొదలైన అయిదో రోజునే, అనుకున్నదానికంటే ముందుగా, కాలువకి నీళ్ళు వదిలేశారు.

ఊరి కళ్ళమంతా మోకాలెత్తు లేచింది. ఒక్క మా వంతు మూల పాత పల్లంలోనే ఉండిపోయింది. మొదటి వానకే చుట్టుపక్కల నీరంతా అందులోకి చేరింది. ఆ నీళ్ళలో నాలుగు మేకులూ అలాగే నిలబడి ఉన్నాయి.

మామగారు వెళ్ళి చూసి వచ్చి, ఊరి ముందు ఏం చెప్పాలమ్మాయ్ అని తల పట్టుకున్నారు. ఆయన మాట పోతుందన్న భయమో, నా తప్పు బయటపడుతుందన్న భయమో, ఆ క్షణంలో ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, ఈశాన్యం పల్లంగా ఉంటే ఊరికి శుభమని, కావాలనే వదిలేశామని చెప్పమన్నాను. చదవడం రాయడం వచ్చిన పిల్ల, నిత్యం పూజ చేసుకునే పిల్ల చెప్పిందంటే ఎవరు కాదంటారు? పదిరోజుల్లో ఆ మాట ఊరి మాట అయిపోయింది. ఆ ఏడు పంట బాగా పండటంతో శాస్త్రమే అయిపోయింది. ఇంటికి ఈశాన్యం పల్లం మంచిదని పెద్దలు చెప్పడం నిజమే కావచ్చు. కాని ఆ రోజు నేను చెప్పింది శాస్త్రం కాదు. స్వామి అనని మాటని స్వామి నోట పెట్టాను.

ఆడపడుచు పరీక్షలు రాసి వచ్చింది. బస్సు దిగి ఇంటికి రాకుండా నేరుగా కళ్ళం దగ్గరికి వెళ్ళిందట. ఇంటికొచ్చి, సంచీ అరుగు మీద పెట్టి, పెరట్లోకి నడిచి వెళ్ళి కాసేపు నిలబడి, కాళ్ళు కడుక్కుని వచ్చి అన్నానికి కూర్చుంది. నన్ను ఏమీ అడగలేదు. ఆ సెలవుల్లో గోడకి బంతి కొట్టిన చప్పుడు వినలేదు. మరుసటి ఏడు పెళ్ళయి కాకినాడ వెళ్ళిపోయింది. పక్క ముక్కల్లో మగపిల్లలు వలలు కట్టుకుని ఆడుకున్నారు, తాడు బయట నిలబడిన ఆ ఆడపిల్లలు ఒక్కొక్కరే పెళ్ళిళ్ళు చేసుకుని వెళ్ళిపోయారు. మా పెరట్లో తులసికోట చుట్టూ బంతులూ కనకాంబరాలూ విరగబూశాయి. ఆ పూలే రోజూ కోసి పూజ చేశాను. ఇన్నేళ్ళలో ఒక్క రోజూ ఆ మట్టి ఎక్కడిదో గుర్తు రాకుండా పువ్వు కోయలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా రాయడం దండగ. అంత మట్టి పందిరికి అక్కర్లేదు. పది బళ్ళు చాలు. ఆ పిల్ల చీర కొంగు బిగించి బంతి వెనక పరుగెత్తుతుంటే కిటికీలోంచి చూస్తూ నాలో ఏదో కలుక్కుమనేది. ఆ మిగతా యాభై బళ్ళూ వ్రతం కోసం కాదు, ఆ కలుక్కు తీరడం కోసం పోయించాను. ఆ సంగతి నాకు నేను ఒప్పుకోవడానికే చాలా ఏళ్ళు పట్టింది.

ఆవేళ వాళ్ళు మజ్జిగ తాగి వెళ్ళాక దేవుడి గదిలో చాలాసేపు కూర్చుని, లేచి కాకినాడ ఫోన్ చేశాను. ఉపోద్ఘాతం లేకుండా అంతా చెప్పేశాను.

“ఇప్పుడు చెప్తున్నారా వదినా! బండి చక్రాల జాడలు ఎటు తిరిగాయో ఆవేళే చూశాను కదా” అంది.

మరి ఎందుకు అడగలేదమ్మా అన్నాను.

“వ్రతానికి పోసిన మట్టి. తవ్వి ఇమ్మని ఎలా అడగను?”

ఆ మాట తరవాత నాకు ఇంక దాచుకోవడానికి ఏమీ మిగలలేదు. ఆ ఆదివారం ఆటస్థలంలోనే సభ పెట్టారు. సర్పంచి చెయ్యి పట్టుకుని వెళ్ళి, జీవితంలో మొదటిసారి మైకు ముందు నిలబడి, ఆ ఈశాన్యం మాట శాస్త్రం చెప్పింది కాదని, ఒక కోడలు తన తప్పు కప్పుకోవడానికి అల్లిందని, ఆ కోడలు నేనేనని చెప్పాను. కొంతమంది తలలు దించుకున్నారు. మా మరిది మాత్రం లేచి, “అయితే ఇన్నేళ్ళూ మాచేత ఆ గుంటకి ప్రదక్షిణాలు చేయించారన్నమాట వదినా, కప్పలకి కూడా దణ్ణాలు పెట్టించారు కదండీ!” అనేసరికి సభంతా నవ్వింది. నవ్వుతూనే కుర్చీ తెచ్చి నన్ను కూర్చోబెట్టాడు. ఊరు నన్ను అంత సులువుగా క్షమించింది. అందుకు చేతులెత్తి దణ్ణం పెట్టాను గాని, క్షమించవలసిన వాళ్ళు ఆ సభలో లేరని నాకు తెలుసు.

ఇప్పుడు కాలువ కట్టేదాకా ఆగక్కర్లేదు. ఎక్కడినుంచో లారీల మీద గ్రావెల్ వచ్చి రెండు రోజుల్లో పల్లమంతా పూడ్చేసింది. పైపొరకి మాత్రం మా పెరటి మట్టి తీసుకోమని బతిమాలాను. ఇంజనీరుగారు నవ్వి, నా తృప్తి కోసమని రెండు ట్రాక్టర్లు తోలించారు. కోర్టు గీసిన రోజున ఆడపడుచు కాకినాడ నుంచి వచ్చింది. మోకాళ్ళు అరిగిపోయాయి, చేతికర్ర పట్టుకుని దిగింది. రంగురంగుల బట్టల్లో ఆడపిల్లలు తేలికపాటి షటిల్ బ్యాట్లు పట్టుకుని వరసగా నిలబడ్డారు. ఉన్ని బంతి ఆట వాళ్ళలో ఒక్కరూ చూడలేదు, దాని పేరు చెబితే ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మొదటి దెబ్బ నన్ను కొట్టమన్నారు. మాట ఇచ్చింది వాళ్ళకి కాదు కనుక నేను ఆడపడుచు వంక చూశాను. ఆవిడ నా వైపు చూడటం లేదు. సున్నపు గీత ఒక చివర నిలబడి, పెదవులతో లెక్కపెట్టుకుంటూ, అప్పట్లో మేకులు పాతడానికి వేసిన అడుగులే మళ్ళీ వేస్తోంది. ఈ కొత్త ఆటకి గీసిన కోర్టు చిన్నది. రెండో చివర గీత వచ్చేసినా ఆవిడ లెక్క అవలేదు. గీత దాటి, మా పెరటి నల్లమట్టిలో ఇంకా చాలా దూరం నడిచి అక్కడ ఆగింది.