రూబీ విన్న ఆమెన్

నన్నూ నా ఇంటివారినీ ఈ రోజు వరకు సజీవుల లెక్కలో ఉంచిన దేవునికి స్తోత్రం.

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. చనిపోయినవారు తిరిగి రారని సండే స్కూల్లో పిల్లలకు చెప్పేదాన్ని. ఇప్పటికీ అదే చెబుతున్నాను.

మాది తెల్లాపూర్. నేనూ మా ఆయనా ఐటీ ఉద్యోగులం. ఆరేళ్ళ పాప జెస్సీ, కుక్క రూబీ. రూబీకి మా పాపే ఒక అలవాటు నేర్పింది. భోజనానికి ముందు మేం ప్రార్థన చేస్తుంటే అది గిన్నె ముందు కూర్చుని ఉంటుంది. మేం "ఆమెన్" అన్నాకే మూతి పెడుతుంది. మా సంఘంలో అందరికీ అదొక ముచ్చట.

పోయిన వేసవి సెలవులకు బాపట్ల వైపు, సముద్రానికి దగ్గర్లో, జీడితోటల మధ్య ఉన్న పాత మండువా ఇల్లు అద్దెకు తీసుకున్నాం. కుక్కనూ రానిస్తామన్నారని అదే ఎంచుకున్నాం. లోపల ఒక గదికి తాళం వేసి ఉంది. పాత సామానండి, అన్నాడు తాళాలిచ్చినతను.

మొదటి రోజు మధ్యాహ్నం మా ఆయన ప్రార్థన సగంలో ఉండగానే రూబీ తినడం మొదలుపెట్టింది.

"ఏందే రూబీ, జర ఆగరాదూ? ఇంక ఆమెన్ అననే లేదు!" అన్నాడాయన. అందరం నవ్వాం.

రాత్రి భోజనానికీ అంతే. మర్నాడు ప్రార్థనలో నేను కళ్ళు తెరిచే కూర్చున్నాను. రూబీ మా వైపు చూడటం లేదు. చెవులు తాళం వేసిన గది వైపు నిక్కించి ఉన్నాయి. కాసేపటికి తోకాడించి గిన్నెలో మూతి పెట్టింది. ఎవరో ఆమెన్ అన్నట్టే. నాకేమీ వినపడలేదు.

ఆ మధ్యాహ్నమే పాప కనపడలేదు. పెరట్లో బావి ఉంది. ముందు అక్కడికే పరిగెత్తాను. చివరికి ఆ గది ముందు దొరికింది. మోకాళ్ళ మీద, చేతులు జోడించి, కళ్ళు మూసుకుని ఉంది. పక్కనే రూబీ. తలుపుకు తాళం అలాగే ఉంది.

"జెస్సీ, లేమ్మా!" అని రెక్క పట్టుకున్నాను.

"ష్ష్, మమ్మీ. తాతయ్య ఇంక ఆమెన్ అనలే" అంది, కళ్ళు తెరవకుండానే.

దాని తాతయ్యలిద్దరూ అది పుట్టకముందే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు.

అప్పటికప్పుడు ఎత్తుకుని కారెక్కించాను.

అది మోసపరచే ఆత్మ అంటారు మా పాస్టర్ గారు. కావచ్చు. కానీ ఆ ప్రార్థన ఎవరికి చేస్తున్నట్టు? మా పాపను పక్కన కూర్చోబెట్టుకుని ఏమి అడుగుతున్నట్టు? 

ఇంటికొచ్చాక మా ఆమెన్‌కు రూబీ కదలడం లేదు. మేం అన్నాక కూడా పాప పడుకునే గది వైపు చూస్తూ కూర్చుంటుంది. ఒక్కోసారి అన్నం చల్లారిపోతుంది. రూబీ తినడం మొదలుపెట్టేదాకా జెస్సీ కూడా కళ్ళు తెరవదు.

ఇదేమిటో నాకిప్పటికీ తెలియదు. మా పాప కోసం నాతో కలిసి ప్రార్థించండి. ముగించేటప్పుడు మాత్రం ఆమెన్ మనసులో అనుకోకండి, గట్టిగా అనండి. జెస్సీకి ఆ తాతయ్య ఆమెన్ కంటే మన ఆమెన్ ముందు వినపడాలి.