అమ్మ నోట్లో అరువు పళ్లు

మా తమ్ముడు ఆ పెద్ద కెమెరా కొనబట్టే అమ్మ నవ్వు మాకు మిగిలిందని ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అంటారు. మొన్న అమ్మ సంవత్సరీకానికి వచ్చిన చుట్టాలూ గోడమీది పటం ముందు నిలబడి అదే పాట పాడారు. నేను ఒప్పుకోను. ఆ పటంలో ఉన్నది మా అమ్మ నవ్వు కాదు.

నల్లమాడ వైపు బోరునీళ్లు తాగి పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ నీళ్లలోని ఫ్లోరైడు మా అందరి పళ్లమీదా గోధుమరంగు చారలు గీసి వదిలింది. అనంతపురం కాలేజీలో పొరుగు జిల్లాల ఆడపిల్లలు, నేను ఆకువక్క నములుతానా అని ఎంతో మర్యాదగా అడిగేవాళ్లు; నేనూ అంతే మర్యాదగా వాళ్ల నోళ్లు మూయించేదాన్ని. అమ్మకు అంత నోరు లేదు. నవ్వొచ్చిందంటే కొంగు పైకి పోయేది. రీలు కెమెరాల కాలంలో స్టూడియోకు పోతే, అడక్కముందే అందరం పెదవులు బిగించి, పరామర్శకు వచ్చినవాళ్లలా కూర్చునేవాళ్లం.

సోమందేపల్లెలో పెళ్లి ఫోటోలు తీసే మా తమ్ముడు, ఫుల్ ఫ్రేమ్ అట, చీమ కాలిమీది నూగు కూడా కనబడుతుందట, ఆ కెమెరాను పసిబిడ్డలా ఎత్తుకొచ్చాడు. నడి ఎండాకాలంలో, దానిమీద దుమ్ము పడుతుందని ఫ్యాను ఆపించాడు. మేం చెమటలు కారుస్తూ కూర్చుంటే, శెనక్కాయలు వలుస్తున్న అమ్మకు గురిపెట్టాడు.

"ఏందిరా అది, ఫిరంగి మాదిరి? నన్ను కాల్చి యాడ పూడుస్తావప్పా?" అని అమ్మ పకపకా నవ్వింది. రెండు చేతులూ చాటలో ఉన్నాయి, కొంగు అందలేదు. వాడు నొక్కేశాడు.

కెమెరా వెనక తెరమీద పెద్దది చేసి చూపిస్తే, ఒక్కో పన్ను, ఒక్కో చార. అమ్మ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నా పండ్లే. ఇన్నేండ్లు వీటికా నేను భయపడింది! నేను పోయినాక గోడకు ఇదే పెట్టు నాయనా."

"సరిచేసి పెడతాలేమ్మా."

"సరిచేసేకి ఏముండాదిరా ఆడ?"

అమ్మ పోయింది, పటం వచ్చింది. పాలరాతి బండల్లా నున్నటి తెల్లటి పళ్లు, ఒక్క ముడతలేని బుగ్గలు. ఎవరీమె అని నిలదీస్తే, "నలుగురూ చూసేదక్కా, బాగుండాల గదా" అన్నాడు. లోకంలో ఏదీ దాగకూడదని అంత కెమెరా కొన్నవాడికి, కన్నతల్లి పళ్లు మాత్రం కనబడకూడదట!

ఆనాటి మసక ఫోటోల్లో మా నోళ్లు మూతపడి ఉన్నా, అవి మా నోళ్లే. ఆ రోజుల్లో దాచుకోవాలంటే మన కొంగు మనమే లాక్కునేవాళ్లం. ఇప్పుడు ఆ పనీ మనల్ని అడక్కుండా కంప్యూటర్లే చేసేస్తున్నాయి. అమ్మ అడ్డం పెట్టుకోకుండా నవ్వింది బతుకులో ఆ ఒక్కసారే. ఆ అసలు ఫోటో ఇవ్వరా అంటే, "యాడనో ఉంటాదిలేక్కా" అని ఏడాదిగా దాటేస్తున్నాడు. కార్డు నిండితే పాతవి తుడిచేసి ఇంకో పెళ్లికి పోయే మనిషి. ఉండాదా, తుడిచేసినావా, ఆ ఒక్క ముక్క చెప్పేకి నీకు నోరెందుకు రాదురా?