ప్రభుత్వం తరఫు మేడంగారు

నర్సీపట్నం కోర్టులో నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన రెండో ఏడు కొయ్యూరు వైపు నుంచి ఒక గిరిజన రైతు కేసు నా దగ్గరకు వచ్చింది. ఊరి పక్కన క్వారీ వద్దని జనాన్ని కూడగట్టిన మనిషి. క్వారీ లారీ అద్దాలు పగలగొట్టి డ్రైవరుని కొట్టాడని అతన్ని రిమాండుకు పంపారు. ఆ రోజు భార్య కాన్పుకని ఏరియా ఆసుపత్రిలో ఉన్నానని అతను చెబుతూనే ఉన్నాడు. చేతిలో కాగితం ఏదీ లేదన్నాడు. నేనూ వెళ్లి వెతకలేదు. ఆ తప్పు నాదే.

బెయిలు వాదనకు ముందురోజు, ప్రభుత్వం తరఫున వాదించే ఏపీపీ మేడంగారి గదికి వెళ్లాను. ఆవిడ ఫోనులో ఉన్నారు. అవతలి గొంతు పెద్దది, నాకూ వినిపిస్తోంది. బెయిలు రాకూడదట. క్వారీ వెనకున్న నాయకుడిగారి మాటట.

"కేసు డైరీ చదివానండి. అందులో ఉన్నదే కోర్టుకి చెబుతాను," అని ఆవిడ ఫోను పెట్టేశారు. బల్ల మీది కాగితం నా వైపు తిప్పారు. ఆసుపత్రి రిజిస్టరు నకలు. ఎస్సైగారిని అడిగి తెప్పించారట. భార్యను చేర్చుకున్నచోట అతని వేలిముద్ర, పక్కన టైము, లారీ మీద దాడి జరిగిందన్న వేళే.

నాకు ఆవిడ గురించి భయం వేసింది. "మేడం, కోర్టువారి నిర్ణయానికే వదిలేస్తున్నానని ఒక్క మాట అనండి, చాలు. మీ మీదకి రాదు," అన్నాను. మా అందరికీ అలవాటైన తోవ అది.

"తెలిసి కూడా తెలియనట్టు నిలబడమంటారు," అన్నారావిడ, కోపం లేకుండా.

మర్నాడు ఆ కాగితం తనే జడ్జిగారికి అందించారు. నేను వాదించడానికి ఏమీ మిగల్లేదు. బెయిలు వచ్చింది. తర్వాత కేసే నిలవలేదు.

బయటికొచ్చిన రోజు అతను నన్నడిగాడు.

"మేడంగారు మనవైపా బాబూ?"

"కాదు. అటువైపే."

"మరి నా గురించి నిజం సెప్పినారేటి?"



రెండు నెలలు తిరక్కుండానే ఆవిడని దూరపు కోర్టుకి బదిలీ చేశారు. బస్టాండులో కనిపిస్తే బాధగా లేదా అని అడిగాను.

"పాప స్కూలు మార్చాలి. అదొక్కటే," అన్నారు. "ఫైళ్లన్నీ సర్ది పెట్టానండి. వచ్చే ఆయనకి ఇబ్బంది ఉండదు."

బస్సు కదిలేదాకా నేను అక్కడే నిలబడ్డాను. ఎవరినైనా అలా సాగనంపాలని నాకు అంతకుముందు ఎప్పుడూ అనిపించలేదు.