పోలింగ్ బూత్‌లో కెమెరా ఎవరింట్లో కనపడుతుంది?

మాది బిజినేపల్లి వైపు ఊరు, అంతకన్నా ఎక్కువ చెప్పను. ఇవాళ సర్పంచి ఎన్నికకు మొదటిసారి మా బూత్‌లో కెమెరా పెట్టారు. ఓటుకు రక్షణట. ఖర్చయితే అయింది, దొంగ ఓట్లయినా ఆగుతాయని పొద్దున లైన్లో గట్టిగా వాదించింది నేనే.

నా ముందు మా వాడకట్టు అక్క నిలబడింది. పోటీలో ఉన్న పటేల్ పొలాన్నే కౌలుకు చేస్తుంది. కెమెరా కనపడగానే నా చెయ్యి పట్టుకుంది.

“గది ఎవలింట్ల కనపడ్తది చెల్లె?”

“ఎవలింట్ల కాదక్కా, ఆఫీసర్లు చూస్తరు. నువ్వు ముద్ర ఏసేది అండ్ల కనపడదు.”

“ఎవలికేసినవో మా సెల్లుల చూస్తమని పటేల్ కొడుకు నిన్న ఇంటికొచ్చి చెప్పిపోయిండు. కౌలు గుంజుకుంటే ఎట్ల బతకాలె?”

అది అబద్ధమని ఎంత చెప్పినా నమ్మలేదు. ఓటేసే బల్ల చుట్టూ అట్ట అడ్డం ఉన్నా సరే, కొంగు తల మీదుగా కప్పుకుని, బ్యాలెట్ మీదికి వంగి ముద్ర వేసింది. లోపలి సార్లు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

తర్వాత నా వంతు. కెమెరాలో ఏం కనపడదో నాకు తెలుసు. నాకు కౌలు పొలం కూడా లేదు. అయినా ముద్ర పట్టుకోగానే వెనక ఎవరో చూస్తున్నట్టు అనిపించి, ఎడమ చెయ్యి కాగితానికి అడ్డం పెట్టాను.

అందరి డబ్బుతో పెట్టిన కెమెరాను పటేల్ కొడుకు పైసా ఖర్చు లేకుండా వాడుకున్నాడు.

చెయ్యి అడ్డం పెట్టుకున్నది నేనొక్కదాన్నేనా? కామెంట్లలో వద్దు. కనపడినప్పుడు చెప్పండి.