ముగ్గురం కలిసి వెళ్లే చోటు

జాకియా జర్మన్ భాష నేర్చుకోవడం మొదలుపెట్టేనాటికి ఆమెకు ముప్పై నాలుగేళ్లు. అప్పటికి పదకొండేళ్లుగా నందిగామలో ఒక నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సుగా చేస్తోంది. ఉండేది పెనుగంచిప్రోలు. పొద్దున్నే ఆటోలోనో బస్సులోనో నందిగామ వెళ్లి, డ్యూటీ అయ్యాక ఊరికి వచ్చేసేది. ఇంట్లో మాట్లాడేది తెలుగే. జర్మనీ మ్యాపులో ఎక్కడుందో చూపించమంటే అప్పట్లో ఆమె కాసేపు వెతుక్కునేదే.

ఆమె భర్త బాషా లారీ డ్రైవరు. జగ్గయ్యపేటలో దశరథరామయ్యగారికి నాలుగు లారీలున్నాయి. వాటిలో పెద్దది తొమ్మిదేళ్లుగా బాషా చేతిలోనే ఉంది. వెళ్లేటప్పుడు టిక్కీలంటారే, ఆ మిర్చి బస్తాలు, వచ్చేటప్పుడు ఉల్లిపాయలో వెల్లుల్లో. పన్నెండు రోజులు రోడ్డు మీద ఉంటే మూడు రోజులు ఇంట్లో. వాళ్లకి ఒక్కతే కూతురు, రమీజా. ఊరు విడిచి వెళ్లాలన్న ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు.

2021 నవంబరులో బాషా, తోటి డ్రైవరు ప్రేమానందం వెల్లుల్లి లోడుతో తిరిగి వస్తున్నారు. ఉత్తరాన ఒక రాష్ట్రంలో, టోల్‌గేటు దాటాక, పది మంది మనుషులు లారీని ఆపారు. బండిలో పశువులున్నాయని అనుమానమన్నారు. లోడు మీది పట్టా విప్పించి చూస్తే వెల్లుల్లి బస్తాలు కనబడ్డాయి. అక్కడితో అయిపోవాల్సింది. కానీ వాళ్లలో ఒకడు ఇద్దరి లైసెన్సులూ అడిగాడు. ప్రేమానందానిది చూసి తిరిగిచ్చేశాడు. బాషాది చూసి, దిగమన్నాడు.

రోడ్డు మీద మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. ఏదో నినాదం అనమన్నారు, అన్నాడు. అన్నాక కూడా కొట్టారు. ఎడమ చెవి మీద అరచేత్తో నాలుగైదు దెబ్బలు పడ్డాయి. నువ్వెళ్లి బండిలో కూర్చోమని ప్రేమానందానికి చెప్తే అతను కదల్లేదు. అడ్డం వెళితే అతన్నీ తోసేశారు. ఒకడు ఇదంతా ఫోనులో తీశాడు.

ఇద్దరూ అక్కడి పోలీస్ స్టేషన్‌కి వెళ్లారు. బల్ల దగ్గరున్న మనిషి వాళ్లని రెండు గంటలు కూర్చోబెట్టి, బండి కాగితాలన్నీ చూసి, చివరికి ఇలా అన్నాడు: "మీ బండి బాగానే ఉంది కదా, తీసుకుని వెళ్లిపోండి." కంప్లైంట్ రాసుకోలేదు.

బాషా ఇంటికి చేరడానికి మూడు రోజులు పట్టింది. వీడియో ఒక్క రోజులోనే వచ్చేసింది. జగ్గయ్యపేట బైపాస్‌లో టైర్ల షాపున్న బాషా అన్నయ్య అబ్బాస్, డ్రైవర్ల గ్రూపులో దాన్ని చూసి, వేరే ఎవరి ద్వారానో జాకియాకి తెలియకూడదని బండేసుకుని నేరుగా నర్సింగ్ హోమ్‌కి వచ్చాడు. మందుల గది పక్కన నిలబెట్టి, "ఏం కాలేదమ్మా, మనిషి బాగానే ఉన్నాడు, ముందు అది విను," అన్నాడు. జాకియా వీడియో మొత్తం చూసింది. తర్వాత చేతులు కడుక్కుని, వార్డులో ఇద్దరికి సెలైన్ మార్చి, అప్పుడు డాక్టరుగారిని సెలవడిగింది.

ఎడమ చెవిలో కర్ణభేరి చిరిగిందని విజయవాడలో డాక్టరు చెప్పాడు. చిల్లు పూడింది గాని వినికిడి సగమే మిగిలింది.

దశరథరామయ్యగారు ఇంటికి వచ్చి చూశారు. "ఆ రూటుకి ఇంక నిన్ను పంపను బాషా. ఒరిస్సా లైనులో వెళ్దువుగాని. అద్దం మీద ఏదో ఒక దేవుడి బొమ్మ అంటించుకో. ఎవడన్నా పేరడిగితే బాబు అని చెప్పు, సరిపోద్ది," అన్నారు. ఆయన మంచికే చెప్పారు. బాషా కూడా సరేనండీ అన్నాడు. ఆయన వెళ్లాక మాత్రం భార్యని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"అంతమంది కొట్టినప్పుడు కూడా ఇంత అనిపించలేదు జాకియా," అన్నాడు. "ఆయన నా మంచి కోరేవాడు. ఆయనకి కూడా నా పేరు దాచడం తప్ప ఇంకో దారి తోచలేదు."

ఆ నెల్లోనే అతను పాస్‌పోర్టుకి అప్లై చేశాడు. మస్కట్‌లో ట్రెయిలర్ డ్రైవర్లు కావాలని ఒక ఏజెంటు చెప్పాడు. మంచి కంపెనీ, ఉండటానికి గది, రెండేళ్లకోసారి సెలవు. ఫ్యామిలీకి మాత్రం వీసా లేదు.

"నాకిష్టం లేదండి," అంది జాకియా. "మీరెళ్తే మీకు బాగుంటుంది. మేం?"

"మీరిక్కడ ఊళ్లో ఉంటారుగా. ఇక్కడ మనల్ని ఎవరేమంటారు?"

నిజంగానే ఊళ్లో ఎవరూ ఏమీ అనలేదు. బాషా మంచంలో ఉన్న వారం రోజులూ ఎదురింటివాళ్లు కూర పంపారు. ప్రేమానందం భార్య కోడిగుడ్లు తెచ్చిచ్చింది.

బాషా అడిగినదానికి జవాబు సంక్రాంతి సెలవులయ్యాక బడినుంచి వచ్చింది. రమీజా అప్పుడు నాలుగో తరగతి. క్లాసులో ఒక పిల్ల వాళ్ల నాన్న ఫోను తెచ్చి, వీడియో చూపించి, "ఇది మీ నాన్నే కదా?" అని అడిగింది. రమీజా "కాదు, మా నాన్న కాదు," అంది. ఈ సంగతి టీచరు ఫోన్ చేసి చెప్పింది. ఆ పిల్లని కోప్పడ్డామనీ, ఫోను లాక్కున్నామనీ కూడా చెప్పింది. సాయంత్రం జాకియా కూతుర్ని అడిగితే, "అవునని చెప్తే నన్ను కూడా కొడతారేమో అనుకున్నా," అంది.

బాషా పక్కగదిలోనే ఉన్నాడు. వినబడిందో లేదో జాకియా అడగలేదు. మర్నాడు మాత్రం ఏజెంటుకి తనే ఫోన్ చేసి మస్కట్ వద్దని చెప్పేసింది. "వెళ్తే ముగ్గురం కలిసి వెళ్లే చోటికి వెళ్దాం. లేదంటే ముగ్గురం ఇక్కడే ఉందాం," అంది భర్తతో.

ముగ్గురం వెళ్లే చోటు ఏదో ఆమెకు తెలియదు. నర్సింగ్‌లో తనతో చదివిన నీహారిక రెండేళ్లుగా జర్మనీలో పనిచేస్తోంది. ఆమెకు ఫోన్ చేసింది.

"రావచ్చే. నర్సులు చాలామంది కావాలి ఇక్కడ. కానీ భాష రావాలి, పరీక్ష పాసవ్వాలి," అంది నీహారిక.

"అక్కడ భయం లేదా?"

"అసలేమీ లేదని చెప్తే అబద్ధమే. ట్రైన్లో ఒకడు నన్ను, మీ దేశం వెళ్లిపో అన్నాడు. నువ్వు ముస్లింవని తెలిస్తే ఇంకా అనేవాళ్లు కూడా ఉంటారు. కానీ నేను స్టేషన్‌కి వెళ్తే కంప్లైంట్ రాసుకున్నారే. నెల తర్వాత ఇంటికి ఉత్తరం కూడా వచ్చింది, కేసు ఎంతవరకు వచ్చిందో."

ఆ మాట జాకియాని పట్టుకుంది. తిట్టేవాడే ఉండని చోటు కోసం ఆమె వెతకడం లేదు. రాసుకునే చోటు ఉంటే చాలనుకుంది.

సాయంత్రం ఏడింటికి ఫోనులో క్లాసు. పొద్దున ఆటోలో హోంవర్కు. జర్మన్‌లో ప్రతి మాటకీ ముందు డేర్, డీ, దాస్ అని మూడింటిలో ఒకటి చేర్చాలి. పుంలింగానికొకటి, స్త్రీలింగానికొకటి, రెండూ కానిదానికొకటి. చంద్రుడు మగ, సూర్యుడు ఆడ, అమ్మాయి రెండూ కాదు. రమీజాకి ఇది విని నవ్వాగలేదు.

"అమ్మాయి ఆడ కాదా అమ్మా వాళ్లకి?"

"మనం మాత్రం? అమ్మాయి వచ్చింది అంటాం, బస్సు వచ్చింది అంటాం. అబ్బాయికేగా వచ్చాడు అనేది," అంది జాకియా.

నర్సింగ్ హోమ్‌లో బసవమ్మ అనే పెద్దావిడ షుగరు పుండుకి రోజు విడిచి రోజు కట్టు కట్టించుకోవడానికి వచ్చేది. జాకియా కట్టు చుడుతూ పెదాల్లో ఏదో అనుకోవడం చూసి, "ఏం చదువుతున్నావమ్మా, దువానా?" అని అడిగింది.

"కాదు మామ్మా, అంకెలు. జర్మనీ అంకెలు."

"ఆ దేశం వాళ్లకి కూడా కాళ్లకి పుండ్లు పడతయ్యా?"

"పడబట్టేగా నన్ను రమ్మంటున్నారు."

బసవమ్మ కట్టు వైపు చూసుకుని, "ఎళ్లేముందు ఈ కట్టు కట్టడం ఆ కొత్తపిల్లకి సరిగ్గా నేర్పి ఎళ్లు," అంది.

అత్తగారు గౌసియాబీ పెద్దకొడుకు అబ్బాస్ దగ్గర జగ్గయ్యపేటలో ఉంటుంది. ఇంటి ముందు కుట్టు మిషను పెట్టుకుని నలుగురు ఆడపిల్లలకి పని నేర్పే మనిషి. ఆమెకు ఇదంతా నచ్చలేదు.

"మా మామగారి కాలం నుంచి ఈ చుట్టుపక్కలే బతికాం. ఎవడో ఎక్కడో కొట్టాడని మనూరు వదిలేస్తారా? తప్పు చేసినోళ్లు వాళ్లయితే పోవాల్సింది మనమా?"

"మీరన్నది న్యాయమే అత్తా," అంది జాకియా. "కానీ రమీజా, మా నాన్న కాదు అంది. ఆ మాట ఇంకోసారి అనాల్సిన అవసరం దానికి రాకూడదు. నాకదొక్కటే."

గౌసియాబీ ఒప్పుకోలేదు, మళ్లీ కాదనలేదు కూడా. అబ్బాస్ ఇంట్లో కూడా పాస్‌పోర్టుల మాట కొన్నాళ్లు నడిచింది. ఇద్దరు మగపిల్లలు, షాపు, తల్లి, ఇవన్నీ చూసుకుని అతను మానుకున్నాడు. "మీరెళ్లి చూడండి. మేం ఇక్కడుంటాం. తిరిగొస్తే దిగటానికి ఒక ఇల్లుండాలిగా," అన్నాడు.

జర్మన్ పరీక్షల్లో మొదటి మూడు మెట్లూ జాకియా బాగానే దాటింది. నర్సు ఉద్యోగానికి కావలసిన నాలుగో మెట్టే అసలు పరీక్ష. అందులో మాట్లాడే భాగంలో తప్పింది. హైదరాబాదులో పరీక్ష రాసి వస్తుంటే బస్సు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర లారీల వెనక ఆగిపోయింది. అక్కడినుంచే భర్తకి ఫోన్ చేసి, "ఎదుటిమనిషి మొహం చూసేసరికి నాకు తెలుగు తప్ప ఏమీ రాలేదండి," అంది. బాషా అప్పటికి దూరపు లారీలు మానేసి, సిమెంటు ఫ్యాక్టరీ స్టాఫ్ బస్సు నడుపుతున్నాడు. "మళ్లీ రాద్దువుగాని. ముందు ఏమన్నా తిను," అన్నాడు. నాలుగు నెలల తర్వాత రెండోసారి రాసి పాసయింది.

ఒక ఆసుపత్రివాళ్లు వీడియోలో ఇంటర్వ్యూ చేశారు. మా దేశం ఎందుకు రావాలనుకుంటున్నారని ఒకావిడ అడిగింది. కొత్త వైద్య పద్ధతులు నేర్చుకోవాలని ఉంది అనే జవాబు జాకియా కంఠతా పట్టింది. తీరా నోరు తెరిచేసరికి వేరేది వచ్చింది. "నా భర్తని పేరు చూసి కొట్టారు. మా అమ్మాయి భయం లేకుండా పెరగాలి. పని నాకు బాగా వచ్చు," అంది. చిన్న చిన్న వాక్యాలు, వ్యాకరణం తప్పులు లేవు. ఆవిడ తల ఊపి తర్వాతి ప్రశ్నకి వెళ్లింది. మంచం పట్టిన రోగికి వీపు పుండ్లు పడకుండా ఏం చేస్తారు? దానికి జాకియా ఆపకుండా ఐదు నిమిషాలు చెప్పింది. పదిరోజుల్లో ఉద్యోగం ఖాయమైనట్టు మెయిల్ వచ్చింది.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. వీసా ముందు ఆమెకొక్కదానికే. ఆమె అక్కడ చేరి, ఇల్లు చూసుకుని, కాగితాలు పంపాకే భర్తకీ కూతురికీ. తక్కువలో తక్కువ ఎనిమిది నెలలు పడుతుంది. పైగా బాషా కూడా జర్మన్ మొదటి మెట్టు పరీక్ష పాసవ్వాలి.

"నేనొక్కణ్ణే వెళ్తానంటే వద్దన్నావు," అన్నాడు బాషా. ఎత్తిపొడుపు కాదు, ఉన్నమాట అన్నాడు.

"మస్కట్‌కి మీరెళ్తే మేం ఎప్పటికీ రాలేమండి. జర్మనీకి నేనెళ్తే మీరొస్తారు. అదే తేడా," అంది. అనేసింది గాని మనసు ఒప్పుకోలేదు. ముగ్గురం కలిసే అని తనే అని, ఇప్పుడు పదకొండేళ్ల పిల్లని వదిలి తనే వెళ్లాలి. చివరికి రమీజాయే, "వెళ్లమ్మా. నాన్నకి నేను నేర్పిస్తాలే జర్మన్," అంది.

2024 మార్చిలో జాకియా వెళ్లింది.

బాషా మొదటిసారి పరీక్ష తప్పాడు. చదవడం, రాయడం వచ్చాయి, వినే భాగంలో పోయింది. చెవి సంగతి ఎవరికీ చెప్పకుండా వెనక వరసలో కూర్చున్నాడట. జాకియా ఫోనులో గట్టిగానే కేకలేసింది. "చెప్పుకుంటే సిగ్గేంటండీ? దెబ్బ తగిలింది మీకు, తప్పు చేసింది మీరు కాదు," అంది. రెండోసారి విజయవాడ డాక్టరు కాగితం పట్టుకెళ్లాడు. కుడిచెవి స్పీకరు వైపు వచ్చేలా ముందు వరసలో కుర్చీ వేయించారు. అరవై వస్తే పాసు. అరవై మూడు వచ్చాయి. ఎనిమిది నెలలనుకున్నది పదమూడు నెలలైంది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో తండ్రీకూతుళ్లు బయల్దేరినప్పుడు శంషాబాదు దాకా కారు నడిపింది ప్రేమానందమే.

ఇప్పుడు బాషా ఒక గోడౌన్‌లో సరుకు ఎత్తే బండి నడుపుతున్నాడు. అక్కడి లారీ లైసెన్సు కోసం చదువుతున్నాడు. చలి అతనికి అస్సలు పడటం లేదు. రమీజా బడిలో మొదటి మూడు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదు, ఇప్పుడు మాట్లాడుతోంది. మెట్ల దగ్గర కనబడితే పలకరించని పొరుగాయన ఒకడున్నాడు. అతనితో వాళ్లకి పనేమీ పడలేదు.

జగ్గయ్యపేట నుంచీ నందిగామ నుంచీ జాకియాకి తెలియని నంబర్లనుంచి ఫోన్లు వస్తుంటాయి. ఎక్కువగా ఆడవాళ్లే. మా అమ్మాయిని నర్సింగ్‌లో చేర్చమంటారా అక్కా, మా ఆయన ఎలక్ట్రీషియన్, ఆయనకేమన్నా ఉంటుందా, అని అడుగుతారు. ఎందుకు వెళ్లాలనుకుంటున్నారో కొందరు చెప్తారు, కొందరు చెప్పరు. ఆమె అందర్నీ ముందు కష్టాలన్నీ వినమంటుంది. రెండేళ్లు భాషకే పోతాయని, పిల్లల్ని వదిలి ఏడాది ఉండాలని, ఇక్కడ కూడా మొహం తిప్పుకునేవాళ్లుంటారని, పోవాల్సింది మనమా అని అత్తగారన్న మాట ఇప్పటికీ గుర్తొస్తుంటుందని చెప్తుంది. అంతా అయ్యాక, "ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. అప్పటికీ వెళ్లాలనిపిస్తే నాకు మళ్లీ ఫోన్ చెయ్యండి, ఏ కాగితం ఎక్కడ తీసుకోవాలో చెప్తా," అంటుంది.

కొందరు మళ్లీ చేస్తారు.