చలివిడి పెట్టిన రోజు

నా కూతురికి ఎనిమిదేళ్లు. ఒళ్లు కొంచెం ఎక్కువే, దాచేదేముంది? మెడ వెనక నల్లటి చార ఒకటి. అది మురికనుకుని మా అత్తగారు శనగపిండితో రుద్ది రుద్ది పిల్లను ఏడిపించేది. మురికి కాదు, ఒంట్లో షుగరు తేడాకు గుర్తు, జాగ్రత్తగా చూసుకోండని కర్నూలు డాక్టరమ్మ చెప్పాక ఆ రుద్దడం మానేసి ఇంకో పాట అందుకుంది.

"ఆ సూదులు, ఆ మాత్రలే పాపను ఇట్ల చేసినాయి."

పాప కడుపులో ఉన్నప్పుడు నాకు షుగరొచ్చింది. ముందు మాత్రలు వాడాను, చాలకపోతే ఇన్సులిన్ సూదులు వేసుకున్నాను. కాన్పు కాగానే షుగరు పోయింది గానీ, ఆ మాట మా కల్లూరు ఇంట్లో తిష్ట వేసింది. డాక్టరమ్మను నేను మొహమాటం లేకుండా అడిగేశాను. "కడుపుతో ఉన్నప్పుడు షుగరును గాలికొదిలేస్తే బిడ్డకు ముప్పు, అందులో అనుమానం లేదు. ఇన్సులిన్ బిడ్డ దాకా పోదు. మాత్ర పోతుంది. దానివల్ల పిల్లలు పెద్దయ్యాక ఏమన్నా అవుతుందా అనేది ఇంకా చూస్తున్నారు. ఇంటి రక్తం, తిండి, ఆట, అన్నీ ఉంటాయమ్మా. ఒక్కదాని మీదే నెట్టలేం" అంది.

ఇంటి రక్తమంటే గుర్తొచ్చింది. మా మామగారికి షుగరుతోనే కాలు తీసేశారు. ఆ ఊసు ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు. నా సూదులు మాత్రం వీధి వీధంతా ఎరుకే! ఒళ్లు మండదా మరి? అయినా పాప బట్టలు మళ్లీ బిగుతయ్యాయని కుట్లు విప్పుతూ కూర్చున్నప్పుడు, ఆ మాత్రలేనేమో అని నాకూ అనుమానమొస్తుంది. అవునని ఎవరూ చెప్పరు, కాదనీ చెప్పరు.

ఈ ఏడు మా ఆడబిడ్డ ఏడో నెలలో కోయిలకుంట్ల నుంచి పుట్టింటికి, అంటే మా ఇంటికే వచ్చింది. దానికీ షుగరే. ఇన్సులిన్ రాసిచ్చారు. ఆ సీసా ఫ్రిజ్‌లో మూత తీయకుండా అట్లాగే ఉంది. మా అత్తగారేమో కొర్రన్నం తింటే షుగరు దానంతటదే దిగిపోతుందని ఎవరో చెబితే విని, కూతురికి మామూలుగా తినేదానికి రెండింతలు పెడుతోంది. మందు కదా, ఎంత తింటే అంత మంచిదంట!

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "సూది ఎందుకు ఏసుకోవు?"

ఆడబిడ్డ నా వైపు చూడలేదు. వరండాలో బొమ్మలు గీసుకుంటున్న నా కూతురి వైపు చూసింది.

"ఏమనుకోవద్దు వదినా. పాపను చూస్తాంటే భయమైతాండాది. నా బిడ్డ గూడా అట్లయితే?"

"నా బిడ్డకేమొచ్చిందే? బంగారంలాగ ఉండాది. కడుపులో నీ బిడ్డ అప్పుడే బరువెక్కువ ఉండాదని స్కానింగులో చెప్పలా? సూది ఏసుకోకుండానే కదా ఎక్కింది?" అని అరిచాను. ఆడబిడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పాప మాత్రం తలెత్తకుండా గీసుకుంటూనే ఉంది.

ఆ తర్వాత ఒక శుక్రవారం ఇరుగుపొరుగును పిలిచి చలివిడి పెట్టాం. పుట్టింటివాళ్లు కడుపుతో ఉన్న కూతురి ఒడిలో చలివిడి పెడితే బిడ్డకు చలవ అంటారు. మా అత్తగారు తడిపిండి దంచి, పాకం పట్టి, పళ్లెం నిండా చేసింది. షుగరు కదా అని నేను నోరు తెరవబోతే, "చక్కెర పలుకు గూడా ఏయలేదమ్మే, బెల్లమే!" అని గొప్పగా చెప్పింది. ఏం చెప్పాలి ఈ మనిషికి? వచ్చినవాళ్ల ముందు గొడవెందుకని ఊరుకున్నాను.

ఆడబిడ్డ ఇంత నోట్లో వేసుకుని, ఇంకో ముద్ద తీసి నా కూతురికి అందించింది. చలివిడంటే పాపకు ప్రాణం. అలాంటిది చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

"నాకొద్దత్తా."

"ఎందుకే? నీకిష్టం కదా?"

"నేను సన్నగయితే నీకు భయం పోతాది కదా. అప్పుడు సూది ఏసుకుంటావు. బడిలో గూడా అన్నం సగమే తింటాండా. ఇంక కొన్ని దినాలు ఆగత్తా, అయితా."

మా అత్తగారు పళ్లెం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

మరుసటి పొద్దున టిఫినుకు ముందు ఆడబిడ్డ ఇన్సులిన్ సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. "యాడ పొడుచుకోవల్ల వదినా? చూపీ" అంది. చూపించాను. పాప పక్కనే నిలబడి అంతా చూసింది, నొప్పా అత్తా అని అడిగింది.

ఆ మధ్యాహ్నం పాపకు ఇష్టమని పప్పన్నం కలిపి పెట్టాను. సగం తిని పళ్లెం జరిపేసింది.

"అత్త ఏసుకునింది కదమ్మా, ఇంక తిను" అన్నాను.

పాప నా మొహంలోకి చూసింది. "పుట్టే పాప నామాదిరి ఉండగూడదనే కదమ్మా, అత్త సూది ఏసుకునేది?"

పాప లేచి చేయి కడుక్కోవడానికి వెళ్లింది.