మూగబోయిన కంప్యూటరు

ఆసుపత్రిలో అందరూ ఆమెను టైపక్క అంటారు. పుట్టుకతోనే చూపు లేదు. డాక్టర్లు నోటితో చెప్పి పంపే రిపోర్టులను ఇంట్లో కూర్చుని విని, టైపు చేసి పంపడం పద్దెనిమిదేళ్లుగా ఆమె పని. తెర మీద ఉన్నదంతా చదివి వినిపించే గొంతు ఒకటి ఆమె కంప్యూటరులో ఉంది. దాన్ని పక్కవాళ్లకు ఒక్క ముక్క అర్థం కానంత వేగంగా పెట్టుకుని పని చేస్తుంది.

ఒక మంగళవారం పొద్దున, ఎముకల డాక్టరు రిపోర్టు సగంలో ఉండగా ఆ గొంతు ఠక్కున ఆగిపోయింది. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. అత్తగారిని కేకేసింది.

"అత్తయ్యా, తెర మీద ఏముందో కాస్త చూస్తారా?"

ఆవిడ కళ్లజోడు సర్దుకుని కూడబలుక్కుంటూ చదివారు. "అప్‌డేట్ అవుతోందట. ఆపొద్దంటోంది."

"నేను అవమన్నానా?"

"నన్నంటావేమ్మా, నేను దాని జోలికే పోలేదు!"

గంటన్నర తర్వాత తెర వెలిగింది. రంగులు భలే ఉన్నాయని అత్తగారు మురిసిపోయారు. గొంతు మాత్రం రాలేదు. ఒళ్లు మండి, టైపక్క కంప్యూటరు కంపెనీకి ఫోన్ చేసింది.

"చదివి వినిపించే మీ పాత ప్రోగ్రాం దీంట్లో పనిచేయదు మేడమ్. కొత్తది కొనుక్కోండి. ఇదంతా మీ మంచికే," అన్నాడు అవతలి మనిషి.

"నా మంచి నన్నడక్కుండా ఎవరు తేల్చారండీ? వెనక్కి వెళ్లే దారి ఉందా, లేదా?"

"పది రోజుల్లోపైతే ఉంది. కానీ మేం వద్దనే చెప్తాం."

"వద్దో కావాలో నేను చూసుకుంటాను. దారి చెప్పండి."

అతను చెబుతుంటే, బాణం గుర్తు ఎక్కడికి పోవాలో చూసి అత్తగారు మౌసు మీద ఆమె చెయ్యి పట్టుకుని జరిపించారు. మధ్యలో ఆవిడ ఆగి, "ఎందుకు వద్దంటున్నారో రాయమంటోందే?" అన్నారు.

"నన్నడగలేదు కాబట్టి అని రాయండి."

సాయంత్రానికి గొంతు తిరిగొచ్చింది. ఆగిన రిపోర్టు పూర్తి చేశాకే ఆమె కుర్చీలోంచి లేచింది.

గొడవ అక్కడితో తీరలేదు. శుక్రవారంలోపు అందరూ కొత్తదానికి మారాలని ఆసుపత్రి కంప్యూటర్ల అధికారి హుకుం జారీ చేశాడు. ఆమె కర్ర పట్టుకుని నేరుగా అతని గదికే వెళ్లింది.

"ఒక్కరి కోసం రూలు మార్చలేనమ్మా. రెండు రోజుల్లో మీకే అలవాటైపోతుంది."

"అలాగా? మీ తెర ఆపేసి ఒక్క ఫైలు తెరవండి సార్."

అతను నవ్వుతూనే తెర ఆపాడు. మౌసు అటూ ఇటూ తిప్పాడు. ఏదేదో నొక్కాడు. కాసేపటికి నవ్వు ఆగింది. గదిలో ఉన్న ఇద్దరు గుమాస్తాలు నవ్వు కనబడకుండా తలలు వంచుకున్నారు.

"ఆ గొంతు లేకపోతే నాకు రోజంతా అంతే సార్. నా గొంతు మీ కొత్తదానిలో పలికిన రోజు నేనే మారతాను. ఆ రోజు ఎప్పుడో నేను చెప్తాను, మీరు కాదు."

ఆమె కంప్యూటరును ఆమె ఒప్పుకోనిదే ఎవరూ మార్చకూడదని అతను కాగితం రాసిచ్చాడు. ఆమె దాన్ని ఒక గుమాస్తా చేత రెండుసార్లు చదివించుకుంది. "ఒప్పుకోనిదే" ముందు "రాతపూర్వకంగా" అని చేర్పించాకే అక్కణ్ణుంచి కదిలింది.

ఆరు నెలల తర్వాత ఆ గొంతుకు కొత్త రూపం వచ్చిందంటే, ఆసుపత్రి కంప్యూటరొకటి తెప్పించుకుని వారం రోజులు పరీక్షించింది. మందుల మోతాదులు చదివేటప్పుడు అది అంకెల మధ్య చుక్కలు మింగేస్తోంది. రెండున్నర కాస్తా ఇరవై అయిదవుతోంది. దాన్ని తిరిగి పంపించేస్తూ, పెట్టె మీద అత్తగారి చేత ఒక చీటీ రాయించి అంటించింది: "ఇంకా కుదరలేదు."